ప్రకటించని యుద్ధంలో సరుకుల బజారు: 1948 నాటి కరీంనగర్, ఆదిలాబాద్

బజారులో ధర పడినా, పెరిగినా వ్యాపారస్థులు చెప్పే కారణాలు కొన్ని వున్నాయి. వాన పడలేదంటారు, పంట ఎక్కువగా వచ్చిందంటారు, మిల్లుల గిరాకీ మందగించిందంటారు, స్టాకిస్టులు సరుకు బిగబట్టారంటారు. ఈ కారణాలేవీ లేకుండానే ఒక్కొక్కప్పుడు ఒక సరుకు దొరకడం మానేస్తుంది. మరొక సరుకు కొనేవాడు లేక గోదాములో పడి వుంటుంది. అటువంటప్పుడు కారణం పొలంలోనూ వుండదు, మిల్లులోనూ వుండదు. రెండు ప్రభుత్వాల మధ్య వుంటుంది. యుద్ధం ప్రకటించకుండా ఎదుటి ప్రభుత్వాన్ని లొంగదీయాలనుకునే ప్రభుత్వం తరచు ముందుగా చెయ్యి వేసేది సరుకు మీదనే. మన ప్రాంతానికి ఇది వినికిడి మాట కాదు. 1947 నవంబరు నుంచి 1948 సెప్టెంబరు వరకు పది నెలలపాటు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు దీనిని అనుభవించాయి.

ఆనాటి హైదరాబాదు సంస్థానం 82 వేల చదరపు మైళ్ళకు పైబడిన రాజ్యం. 1941 లెక్కల ప్రకారం జనాభా ఒక కోటి 63 లక్షలు. సొంత నాణెం, సొంత రైల్వే, సొంత తపాలా, సొంత సుంకాల శాఖ అన్నీ వున్నాయి. లేనిది ఒక్కటే, సముద్రం. నాలుగు వైపులా భారత భూభాగమే. 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వర్తక ఒప్పందం ప్రకారం మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు నిజాముకు కాగితం మీద వుండేది. 1947 తరువాత ఆ కాగితం దేనికీ అక్కరకు రాలేదు. గోవాలోని మార్ముగావ్ రేవు కోసం పోర్చుగీసువారితో సాగించిన మంతనాలు కూడా ఫలించలేదు.

మన రెండు జిల్లాలు సంస్థానానికి ఉత్తరపు గుమ్మం వంటివి. ఆదిలాబాద్‌కు ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున వార్ధా, ప్రాణహిత నదులే సరిహద్దులు. అవతల బేరారు, చాందా జిల్లా. అంటే అప్పటి మధ్యపరగణాలు. ఇప్పుడు మహారాష్ట్రలో వున్న రాజురా తాలూకా అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోదే. కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా పోయే రైలు రాజురా తాలూకా గడచి, వార్ధా వంతెన దాటి బల్లార్షా చేరగానే వేరే ప్రభుత్వం కిందికి వెళ్ళినట్లు లెక్క. కరీంనగర్ జిల్లాలో మహదేవ్‌పూర్ తాలూకా వారికి నది దాటితే సిరోంచ. ఇవతల ఒక సుంకం, ఒక సిక్కా, అవతల మరొకటి. రెండు ఒడ్డులా మాట్లాడేది మాత్రం చాలావరకు తెలుగే.

సంస్థానం అమ్మే సరుకులు ప్రత్తి, ఆముదాలు, వేరుసెనగ, నువ్వులు, తోళ్ళు. ఆముదాల ఉత్పత్తిలో దేశం మొత్తం మీద హైదరాబాదుదే మొదటి స్థానం. ఆదిలాబాద్ నల్లరేగడి ప్రత్తికి పేరు వుండనే వుంది. కొనే సరుకులు ఉప్పు, కిరసనాయిలు, పెట్రోలు, ఇనుము, యంత్రభాగాలు, మందులు, రసాయనాలు. బొగ్గుకు లోటు లేదు. కొత్తగూడెం, బెల్లంపల్లి గనులు సంస్థానంలోనివే కనుక రైళ్ళు ఆగే భయం లేదు. కాని బొగ్గుతో దీపం వెలగదు, కూరకు ఉప్పు కాదు. చవిటి నేలల్లో కొంత ఉప్పు తీయగలిగినా, రాజ్యానికంతటికీ సరిపోయే ఉప్పు సముద్రం వైపునుంచే రావాలి.

యథాతథ ఒప్పందం, రెండు ఆర్డినెన్సులు

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ ఒక సంవత్సరం గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. పాత ఏర్పాట్లన్నీ ఎట్లా వున్నవి అట్లాగే సాగాలన్నది దాని సారాంశం. సంతకాల తడి ఆరకముందే హైదరాబాదు ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకదానితో వెండి బంగారాలు భారతదేశానికి పంపడంపై ఆంక్షలు పెట్టింది. మరొకదానితో భారత రూపాయి సంస్థానంలో చట్టబద్ధమైన చలామణి కాదని ప్రకటించింది. దానితోపాటు తనవద్ద వున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీలలో 20 కోట్ల రూపాయల విలువైనవి పాకిస్థాన్‌కు అప్పుగా ఇచ్చింది.

ఈ రూపాయి సంగతి వర్తకులకు వివరంగా చెప్పవలసి వుంది. సంస్థానపు నాణెం హాలీ సిక్కా, అంటే ఉస్మానియా సిక్కా. భారత రూపాయిని ఇక్కడివారు కల్దారు అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు సిక్కాలు. వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల సిక్కా అన్నది లెక్క. చాందాలో ప్రత్తి అమ్మిన వర్తకుడికి చేతికొచ్చేది కల్దారు. అది ఇంటికి తెచ్చుకుంటే చట్టరీత్యా చెల్లదు. వెండిగా మార్చి బాకీ తీర్చుదామంటే వెండి సరిహద్దు దాటరాదు. సరుకు పోవడానికి దారి వున్నా, సొమ్ము తిరిగి రావడానికి దారి మూసుకుపోయింది. దిగ్బంధం అంతా ఒక వైపునుంచే జరిగిందనే మాట తరచు వింటుంటాం. మొదటి తలుపు మూసినది హైదరాబాదు ప్రభుత్వమేనన్నది గుర్తుంచుకోవాలి. సొంత రైతు ప్రత్తికి సొంత ప్రభుత్వమే వట్టం భారం వేసింది.

కాగితం మీద లేని దిగ్బంధం

భారత ప్రభుత్వం చేసినది మరింత నేర్పుగా చేసింది. హైదరాబాదుపై ఆర్థిక దిగ్బంధం విధించినట్లు ఢిల్లీ ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆయుధాలూ, యుద్ధానికి పనికివచ్చే సామగ్రీ మాత్రమే ఆపుతున్నామన్నది దాని వాదన. యుద్ధానికి పనికివచ్చేది ఏమిటి? పెట్రోలు లారీలకు కావాలి, లారీలలో సిపాయిలు వెళ్ళవచ్చు. టైర్లూ అంతే, విడిభాగాలూ అంతే. నీళ్ళు శుభ్రపరచే క్లోరిన్ కూడా రసాయనమే కదా అంటే కాదనేవారు లేరు. ఆ క్లోరినే కాగితపు గుజ్జును తెల్లబరచడానికీ కావాలి. సిర్పూర్ కాగితపు మిల్లు సరిహద్దుకు కూతవేటు దూరంలో వుంది. మందులు, క్లోరిన్ సైతం రానీయడం లేదన్నది హైదరాబాదు ప్రధాని మీర్ లాయిక్ అలీ ప్రధాన ఫిర్యాదులలో ఒకటి. నిజాము న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్ ఈ విషయమై మౌంట్‌బాటెన్ వద్ద మొర పెట్టుకున్నాడు. కింది అధికారులు, రాష్ట్ర ప్రభుత్వాలు అత్యుత్సాహం చూపిస్తున్నాయేమో చూస్తామన్న ధోరణిలో సమాధానాలు వచ్చేవి.

ఇక్కడే ఈ పద్ధతి కీలకం వుంది. ఆ రోజుల్లో నిత్యావసర సరఫరాల తాత్కాలిక అధికారాల చట్టం 1946 నుంచి అమలులో వుండేది. ఆహార పదార్థాలు, నూలు వస్త్రాలు, కాగితం, పెట్రోలియం సరుకులు, మోటారు విడిభాగాలు, బొగ్గు, ఇనుము, ఉక్కు వంటివి దాని కింద ప్రభుత్వం చెప్పుచేతల్లో వుండేవి. సరుకు ఒకచోటినుంచి మరొకచోటికి కదలాలంటే పర్మిటు కావాలి, వ్యాగన్ కేటాయింపు కావాలి. ఇటువంటి ఏర్పాటు వున్నచోట దిగ్బంధానికి ఉత్తరువే అవసరం లేదు. పర్మిటు మీద సంతకం ఆలస్యమైతే చాలు. వ్యాగన్ దొరకలేదంటే చాలు. ఎవరినీ నిలదీయడానికి వీల్లేదు. ఏ కాగితం మీదా 'ఆపండి' అనే మాట కనిపించదు. తుపాకి కాల్చినవాడిని గుర్తు పట్టవచ్చుగాని, ఫైలు కదపని గుమాస్తాను ఏ న్యాయస్థానం ముందు నిలబెట్టగలం?

1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ వెళ్ళిపోయే ముందు జరిగిన చివరి సంప్రదింపులు విఫలమయ్యాయి. ఆ తరువాత బిగింపు మరింత పెరిగింది.

ధర కత్తెర

దిగ్బంధం వల్ల ధరలన్నీ పెరుగుతాయని సాధారణంగా అనుకుంటారు. అది సగమే నిజం. బయటినుంచి రావలసినవి పెరుగుతాయి, బయటికి పోవలసినవి పడిపోతాయి. ఉప్పు, కిరసనాయిలు మీదికి పోతుంటే ప్రత్తి, ఆముదాలు కిందికి వస్తాయి. రైతు రెండింటి మధ్యా వుంటాడు. లెక్క తెలియడానికి ఒక ఊహ కడదాం. ప్రత్తి ధర నూటికి పది తగ్గి, రైతు కొనే సరుకులు నూటికి యాభై పెరిగాయనుకోండి. వంద రూపాయల ప్రత్తికి తొంభై వస్తుంది. వంద రూపాయల ఉప్పూ కిరసనాయిలూ నూటయాభై అవుతాయి. ఆ తొంభైతో మునుపటిలో నూటికి అరవై వంతులే కొనగలడు. అంటే పది రూపాయల నష్టంగా కనిపించేది నిజానికి నలభై రూపాయల నష్టం. దీనికి తోడు సిక్కా, కల్దార్ల మారకంలో షావుకారు వేసే వట్టం వేరే.

మధ్యలో బాగుపడేవారు లేకపోలేదు. నది ఇవతలి ధరకూ అవతలి ధరకూ తేడా పెరిగినకొద్దీ రాత్రిపూట దాటే బండ్లకు లాభం పెరుగుతుంది. ఎండాకాలంలో ప్రాణహిత, పెన్‌గంగలను చాలా రేవులలో బండి మీదనే దాటవచ్చు. సరిహద్దులు బిగిసిన ప్రతిచోటా కరోడ్‌గిరి జవానుకో, అవతలి నాకా మనిషికో ముట్టజెప్పి సరుకు దాటించే వర్గం ఒకటి తయారవుతుంది. ఆ వర్గానికి రాజీ కుదరడం ఇష్టం వుండదు. పాలకులు ఎంత పట్టుదలగా వున్నారో అంత పట్టుదలగా వారూ తగాదాను పోషిస్తారు. ధరల పట్టికలు చూసేవారు ఈ సంగతిని తక్కువగా అంచనా వేయరాదు.

సైన్యం కాని సైన్యాలు

సరుకుల తరువాత మనుషులు. కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ప్రభుత్వ సైన్యం కాదని, స్వచ్ఛంద దళమని హైదరాబాదు ప్రభుత్వం చెప్పేది. ఊళ్ళ మీద పడి దోచినవారిని అదుపు చేయలేకపోయామన్నా, తామే పంపామని ఎన్నడూ అనలేదు. మరి ఇవతలి పక్షం? స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు సరిహద్దు అవతల, భారత భూభాగంలో క్యాంపులు పెట్టుకుని సంస్థానంలోకి వచ్చి కరోడ్‌గిరి నాకాలను తగలబెట్టి వెళ్ళేవారు. 1948 జనవరిలో నాందేడ్ జిల్లా ఉమ్రీలో బ్యాంకు మీద దాడి చేసి సొమ్ము తీసుకువెళ్ళినది కూడా ఈ ఉద్యమకారులే. మన జిల్లాలకు దగ్గరి క్యాంపు చాందాలో వుండేది. అప్పటి కరీంనగర్ జిల్లా వంగర గ్రామానికి చెందిన పి.వి. నరసింహారావు, తరువాత దేశ ప్రధాని అయినాయన, ఆ క్యాంపులో పనిచేశారు. ఈ క్యాంపుల సంగతి తమకు సంబంధించినది కాదన్నట్లే భారత ప్రభుత్వం వుండేది.

ఈ లెక్కలో కలపరాని పోరాటం ఒకటి వుంది. 1948 మార్చి 14న హుస్నాబాద్ వద్ద మహమ్మదాపూర్‌లో సహచరులతోపాటు ప్రాణాలు అర్పించిన అనభేరి ప్రభాకరరావు ఏ ప్రభుత్వం పనుపునా పోలేదు. పటేల్, పట్వారీల దఫ్తర్లు తగలబెట్టిన ఆ కమ్యూనిస్టు దళాల తగాదా భూమి మీద, వెట్టి మీద. రెండు ప్రభుత్వాల ఎత్తుల్లో దానిని పావుగా చూపించేవారు చరిత్రను సరిగా చదవనివారు.

ఆకాశమార్గం

భూమి మీద దారి మూసుకుపోతే మిగిలేది ఆకాశం. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు 1948లో కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాలను రాత్రిపూట నడిపి బీదర్, వరంగల్ వంటి చోట్లకు సరుకు చేర్చాడు. ఆ సరుకు ప్రధానంగా తుపాకులు, మందుగుండు.

సరిగ్గా అదే వేసవిలో ప్రపంచం మరొక చివర మరొక దిగ్బంధం నడుస్తున్నది. 1948 జూన్ 24న సోవియట్ రష్యా పశ్చిమ బెర్లిన్‌కు పోయే రోడ్డు, రైలు, కాలువ మార్గాలను మూసివేసింది. అక్కడా మొదట తగాదా కొత్త నాణెం గురించే. అక్కడా మొదట చెప్పిన సాకు మరమ్మతుల వంటి సాంకేతిక కారణాలే. అమెరికా, బ్రిటన్‌లు 1949 మే 12న దారులు తెరిచేదాకా, ఆ తరువాత కొన్ని నెలలు కూడా, విమానాలతో సుమారు 23 లక్షల టన్నుల సరుకు మోశాయి. అందులో ఎక్కువ భాగం బొగ్గు. ఉప్పు మామూలు విమానాల లోహాన్ని తినేస్తుంది కనుక, దానిని తుప్పు పట్టని ఏర్పాటున్న సముద్ర విమానాలలో తెచ్చి నగరపు సరస్సు మీద దింపేవారు. దిగ్బంధంలో ఉప్పుకు ఇచ్చిన గౌరవం అది. హైదరాబాదు పాలకులు విదేశీ విమానాలకు డబ్బు ఖర్చు పెట్టగలిగినప్పుడు ఎంచుకున్న సరుకు ఏదో పైన చెప్పాం. చెన్నూరు, మంథని సంతల్లో ఉప్పు కోసం చూసేవారికి ఆ విమానాలతో నిమిత్తం లేకపోయింది.

1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యాలు సంస్థానంలో ప్రవేశించాయి. 17న నిజాం కాల్పులు ఆపమన్నాడు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. టాంకులు, విమానాలు పాల్గొన్న ఈ దండయాత్రకు 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. యుద్ధం అనే మాట పలకకుండా మొదలైనది ఆ మాట పలకకుండానే ముగిసింది. ఆ రోజుల్లోనూ, ఆ తరువాతి హింసలోనూ తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ మాటను తప్పించినందువల్ల ప్రాణనష్టం తప్పలేదు.

విమానాల బిల్లు మాత్రం చాలాకాలం మిగిలిపోయింది. 1948 సెప్టెంబరులో లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని హైదరాబాదు ఖాతా నుంచి పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ము పాకిస్థాన్ హైకమిషనర్ పేరుకు మారింది. అది ఆయుధాల సరఫరా కింద తమకు రావలసినదేనని పాకిస్థాన్ వాదించింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, అప్పటికి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయిన మొత్తం భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు చెప్పింది. ప్రత్తి రైతు 1948లో పోగొట్టుకున్నదానికి ఇటువంటి దావా వేసే వీలు ఎవరికీ లేదు.

తరువాతి ఉదాహరణలు

హైదరాబాదు కథ ముగిసిన ఏడాదికే ఇదే పద్ధతి జనపనార వ్యాపారంలో కనిపించింది. 1949 సెప్టెంబరులో పౌండుతోపాటు భారత రూపాయి విలువ తగ్గించగా పాకిస్థాన్ తన రూపాయి విలువ తగ్గించలేదు. మారకం రేటుపై తగాదా వచ్చి తూర్పు బెంగాల్ జనపనార కలకత్తా మిల్లులకు రావడం, భారత బొగ్గు అటు పోవడం దాదాపు స్తంభించాయి. 1951 ఫిబ్రవరి ఒప్పందంతోగాని వ్యాపారం గాడిలో పడలేదు. మళ్ళీ నాణెం, మళ్ళీ బొగ్గు.

ఆదిలాబాద్, జమ్మికుంట ప్రత్తి వ్యాపారులు దగ్గరినుంచి చూడవలసినది 2019 తరువాతి చరిత్ర. పుల్వామా దాడి తరువాత 2019 ఫిబ్రవరిలో భారతదేశం పాకిస్థాన్ సరుకులపై 200 శాతం సుంకం వేసింది. ఆగస్టులో కాశ్మీర్ ప్రతిపత్తి మార్పు తరువాత పాకిస్థాన్ వ్యాపారమే నిలిపివేసింది. అంతకుముందు మన దూదిని కొనే దేశాలలో పాకిస్థాన్ ఒకటి. 2021 మార్చి 31న అక్కడి ఆర్థిక సమన్వయ కమిటీ భారత ప్రత్తి, చక్కెర దిగుమతికి సరేనన్నది. ఆ మరునాడే మంత్రివర్గం కాదన్నది. దూది కోసం ఎదురుచూసిన అక్కడి మిల్లులవారికి ఒక్క రాత్రిలో ఆశ పుట్టి పోయింది.

శత్రుదేశాల మధ్యనే ఇట్లా జరుగుతుందనుకోనక్కరలేదు. రష్యా చమురు కొంటున్నందుకని 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన ఎగుమతులపై అదనపు సుంకం వేసి మొత్తం 50 శాతానికి చేర్చింది. జౌళి మిల్లులకు ఊరటగా కేంద్ర ప్రభుత్వం విదేశీ ప్రత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తివేసి, ఆ వెసులుబాటును డిసెంబరు 31 దాకా పొడిగించింది. అంటే చమురు మీద తగాదా దుస్తుల మీద సుంకమయింది; దుస్తుల మీద సుంకం కాస్తా కొత్త ప్రత్తి యార్డుకు వచ్చే అదనులోనే రైతుకు విదేశీ దూదితో పోటీ అయింది. ఆ సీజనుకు పొడవు పింజ ప్రత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. తేమ 12 శాతం దాటితే కాటన్ కార్పొరేషన్ కొనదు. మద్దతు ధర వున్నా తేమ సాకుతో యార్డు బయట అమ్ముకున్న రైతుకు వాషింగ్టన్‌లో జరిగినదానితో సంబంధం వుంది.

కనుక కారణం తెలియని కదలిక కనిపించినప్పుడు ధరల పట్టిక ఒక్కటే చూసి ఊరుకోరాదు. వ్యాగన్ల కేటాయింపు ఏ దిక్కుకు తగ్గింది, ఏ సరుకుకు కొత్తగా పరీక్షల పత్రం అడుగుతున్నారు, ఏ రేవులో సరుకు 'సాంకేతిక కారణాల'తో నిలిచింది, ఏ బ్యాంకు చెల్లింపు తిరిగివచ్చింది అన్నవి చూడాలి. 1948లో బల్లార్షా వైపు సరుకు పంపే వర్తకులకు ఢిల్లీ, హైదరాబాదుల సంప్రదింపులు ఎటు పోతున్నదీ పత్రికలకన్నా ముందు స్టేషన్ గూడ్స్ ఆఫీసులో తెలిసేందుకు అవకాశం వుండేది.